అమ్మ ఉన్న బిడ్డకు మీ ఇంట్లో చోటు: ఫోస్టర్ కుటుంబం కావాలనుకునే దంపతులకు సమాధానం

మీ ప్రశ్న చదివాను. పిల్లలిద్దరూ పై చదువులకు వెళ్ళిపోయారు, మీకు 46, మీవారికి 49, ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంది. మీ మండలంలోనే ఒక తల్లి దీర్ఘకాలం ఆస్పత్రిలో ఉండవలసి రావడంతో, చూసేవారు లేక ఆమె ఎనిమిదేళ్ళ కూతురిని జిల్లా కేంద్రంలోని బాలసదనానికి పంపించారని విన్నారు. అలాంటి బిడ్డను కొన్నాళ్ళు మా ఇంట్లో ఉంచుకోవచ్చా, అది దత్తత అవుతుందా, తర్వాత తీసుకువెళ్ళిపోతే మేం తట్టుకోగలమా అని అడిగారు. నేను జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో చాలా ఏళ్ళు పనిచేసి, ఆ తర్వాత, సంరక్షణ అవసరమైన పిల్లల విషయంలో ఉత్తర్వులిచ్చే బాలల సంక్షేమ సమితిలో సభ్యురాలిగా ఉన్నాను. తెలిసినదంతా చెబుతాను. కాస్త ఓపికగా చదవండి.

ఉంచుకోవచ్చు. అది దత్తత కాదు. తట్టుకోగలరా అన్న ప్రశ్నకు మాత్రం ఒక్క మాటలో జవాబు లేదు, దానికి చివర్లో వస్తాను.

దత్తత తీసుకుంటే బిడ్డ చట్టరీత్యా మీ బిడ్డ అవుతుంది. పాత కుటుంబంతో బంధం తెగిపోతుంది. ఫోస్టర్ కేర్‌లో అలా జరగదు. జువెనైల్ జస్టిస్ చట్టం 2015లోని 44వ సెక్షన్ ప్రకారం, సంరక్షణ అవసరమైన బిడ్డను బాలల సంక్షేమ సమితి ఒక కుటుంబానికి కొంత కాలానికి అప్పగిస్తుంది. ఆ కుటుంబాన్ని ముందుగా పరిశీలించి, ఆమోదించి, తర్వాత కూడా పర్యవేక్షిస్తూ ఉంటుంది. ఏడాది లోపు అయితే స్వల్పకాలం, ఏడాది దాటితే దీర్ఘకాలం. బిడ్డ చదువు, ఆరోగ్యం, తిండి మీ బాధ్యత. తల్లిదండ్రుల హక్కులు మాత్రం మీకు రావు, రాకూడదు కూడా. ఎందుకంటే ఇలా వచ్చే పిల్లల్లో చాలామందికి అమ్మో, నాన్నో, ఇద్దరూనో ఉంటారు. తల్లికి మానసిక అనారోగ్యం, తండ్రి జైల్లో ఉండటం, ఇంట్లో తాగుడు, దెబ్బలు, ఉన్న ఒక్కరూ మంచాన పడటం వంటి కారణాలతోనే పిల్లలు సమితి ముందుకు వస్తారు. 'అనాథ' అనే మాట చాలాసార్లు వాళ్ళకు వర్తించదు. మీరు విన్న పాప సంగతి కూడా అదే కదా.

బాలసదనంలో తిండి పెడతారు, బడికి పంపుతారు, మరి ఇంకేం కావాలి అని చాలామంది అడుగుతారు. అక్కడ పనిచేసే ఆయమ్మల్లో, వార్డెన్లలో ప్రాణం పెట్టి చూసుకునేవారు ఉన్నారు. వాళ్ళను తక్కువ చేసి మాట్లాడటం నాకు ఇష్టం ఉండదు. కానీ ఒక ఆయమ్మ ఎంతమందికి అమ్మ కాగలదు? పైగా ఆమె డ్యూటీ దిగి ఇంటికి వెళ్ళిపోతుంది. ఇంకొకరు వస్తారు. జ్వరం వచ్చిన బిడ్డ రాత్రంతా ఒకే మనిషి చేయి పట్టుకుని పడుకునే వీలు అక్కడ ఉండదు. సంస్థలో ఉంచడం అనేది ఆఖరి మార్గం కావాలని చట్టంలోని 3వ సెక్షనే మూల సూత్రంగా చెబుతోంది. దీని వెనుక గట్టి పరిశోధన కూడా ఉంది. రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 2000 తర్వాత తొలి సంవత్సరాల్లో ఆరు సంస్థల నుంచి 136 మంది పసిపిల్లలను తీసుకుని, చీటీ పద్ధతిలో సగం మందిని ఫోస్టర్ కుటుంబాలకు అప్పగించారు. మిగతా సగం మంది మొదట్లో సంస్థల సంరక్షణలోనే ఉన్నారు. ఆ పిల్లలను పెద్దయ్యేదాకా గమనించారు. కుటుంబాల్లోకి వెళ్ళినవారిలో తెలివితేటల ఎదుగుదల, మనుషులతో అనుబంధం మెరుగ్గా కనిపించాయి. రెండేళ్ళ వయసు దాటక ముందే వెళ్ళినవారిలో ఆ తేడా మరీ స్పష్టంగా ఉంది.

పరిశోధనను పక్కన పెట్టి, కళ్ళతో చూసినది ఒకటి చెబుతాను. సంస్థలో నాలుగైదేళ్ళు పెరిగి ఫోస్టర్ ఇంటికి వచ్చిన ఒక పిల్లవాడు మొదటి వారం అంతా తెల్లవారుజామున అయిదింటికే లేచి, దుప్పటి నాలుగు మడతలు వేసి, తలుపు పక్కన నిలబడేవాడు. ఎవరైనా చెబితేగాని కూర్చునేవాడు కాదు. మంచినీళ్ళు తాగడానికి అనుమతి అడిగేవాడు. లైటు ఆర్పడానికీ అడిగేవాడు. "క్రమశిక్షణ గల పిల్లాడు" అని చుట్టాలు మెచ్చుకున్నారట. ఆ ఇంటాయన మాత్రం నెలవారీ తనిఖీకి వెళ్ళిన మా ఉద్యోగితో, "వాడు ఎప్పుడు మాట వినకుండా మారాం చేస్తాడా అని చూస్తున్నానండీ" అన్నారు. ఆయనకు విషయం అర్థమైంది. ఏం కావాలో చెప్పడం, వద్దని అలగడం, రెండోసారి అన్నం అడగడం ఆ బిడ్డ ఇంట్లోనే నేర్చుకోవాలి.

అసలు విషయానికి వస్తాను. ఫోస్టర్ కుటుంబాలు కావాలని మేం పదే పదే అడగడానికి కారణం ఇంతవరకూ చెప్పినది మాత్రమే కాదు. ఆ కుటుంబాలు బిడ్డ ఉన్న ఊరికి దగ్గర్లో కావాలి. నేను గట్టిగా నమ్మేది ఇదే. ఒక బిడ్డ కష్టంలో ఉందని ముందుగా తెలిసేది ఊళ్ళోవాళ్ళకే. అంగన్‌వాడీ టీచరుకు తెలుస్తుంది, ఆశా కార్యకర్తకు తెలుస్తుంది, రెండు వారాలుగా బడికి రాని పిల్ల గురించి క్లాసు టీచరుకు తెలుస్తుంది. సర్పంచ్ అధ్యక్షతన గ్రామ స్థాయి బాలల పరిరక్షణ కమిటీ ఉండాలి. కాగితం మీద ఉన్న చోట్ల కూడా అది సమావేశం కావాలి. ఎవరైనా 1098కి ఫోన్ చేయవచ్చు. 1996లో ముంబయిలో మొదలైన ఆ ఛైల్డ్‌లైన్ ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వాల నిర్వహణలో 112 అత్యవసర వ్యవస్థతో కలిసి పనిచేస్తోంది. విషయం తెలిశాక, ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లో బిడ్డను బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉండే సమితి అది. సామాజిక పరిశీలన, అంటే బిడ్డ ఇంటి పరిస్థితుల విచారణ 15 రోజుల్లో, తుది ఉత్తర్వు నాలుగు నెలల్లో రావాలని చట్టం గడువులు పెట్టింది.

ఇంతవరకూ వ్యవస్థ బాగానే కనిపిస్తుంది. ఆ రోజు సాయంత్రం సమితి గదిలో ఏం జరుగుతుందో చూడండి. బిడ్డ బల్ల ముందు కూర్చుని ఉంటుంది. తల్లి ఆస్పత్రిలో ఉంది. మేనమామకు కబురు పెడితే ఫోన్ ఎత్తడు. రాత్రికి బిడ్డ ఎక్కడ పడుకోవాలి? ఆమోదం పొంది సిద్ధంగా ఉన్న కుటుంబాల జాబితా కావాలని అడిగితే, ఆ కాగితం ఖాళీగానో, లేదా జిల్లాకు ఆ చివర ఉన్న ఒకటి రెండు పేర్లతోనో ఉంటుంది. అందుకని బాలసదనానికి ఉత్తర్వు రాయాలి. ఆ ఒక్క సంతకంతో బిడ్డ బడి మారుతుంది, స్నేహితురాలు దూరమవుతుంది, తన వీధి, తన కుక్కపిల్ల, తన యాస మాట్లాడే మనుషులు అన్నీ ఒకేసారి పోతాయి. తల్లి కోలుకున్నా, కూలి మానుకుని రెండు బస్సులు మారి చూడటానికి రావాలి. మొదటి నెల వస్తుంది. రెండో నెల వస్తుంది. తర్వాత రావడం తగ్గుతుంది. 'తల్లి పట్టించుకోవడం లేదు' అని ఫైల్లో ఒక వాక్యం చేరుతుంది. తల్లికి ప్రేమ లేక కాదు, బస్సు ఛార్జీలు లేక ఆ వాక్యం పుడుతుంది. అదే మండలంలో ఒక కుటుంబం సిద్ధంగా ఉంటే ఆ బిడ్డ మర్నాడు అదే బడికి వెళ్ళేది. తల్లి డిశ్చార్జి అయిన రోజే వచ్చి చూసుకునేది.

అందుకే మీలాంటివారు కావాలి అంటున్నాను. పెద్ద ఇల్లు, పెద్ద జీతం, పెద్ద మనసు అని జనం అనుకుంటారు. నేను చూసినంతలో బాగా నిలబడిన ఇళ్ళు మామూలువే. ఒక తపాలా ఉద్యోగి ఇల్లు, ఒక కుట్టు మిషను పెట్టుకున్న ఒంటరి మహిళ ఇల్లు, రిటైరైన ఒక డ్రిల్లు మాస్టారి ఇల్లు. వాళ్ళకు ఉన్నది ఓపిక, రోజూ ఒకేలా సాగే దినచర్య, ఊళ్ళో నలుగురితో మంచి సంబంధం.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే మిగతాదంతా తప్పుదారి పట్టిస్తుంది. బిడ్డను తన కుటుంబం నుంచి తీసే ముందు, ఆ కుటుంబం దగ్గరే ఉంచడానికి వీలుందా అని చూడాలి. అమ్మమ్మో, పిన్నో పెంచడానికి సిద్ధంగా ఉండి, డబ్బు లేకనే వెనకాడుతున్న సందర్భాలు చాలా ఉంటాయి. వాళ్ళకోసమే చట్టంలో 45వ సెక్షన్ కింద స్పాన్సర్‌షిప్ ఉంది. కేంద్రం మిషన్ వాత్సల్య పథకంలో అర్హులైన బిడ్డకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. ఏడాది ఆదాయం గ్రామాల్లో 72,000, మిగతాచోట్ల 96,000 రూపాయలు మించకూడదు. వితంతువులు, భర్త వదిలేసిన తల్లులు, ప్రాణాంతక వ్యాధితో ఉన్న తల్లిదండ్రులు, బంధువుల దగ్గర పెరుగుతున్న అనాథ పిల్లలు దీని కిందకు వస్తారు. రాజస్థాన్‌లో పాలన్‌హార్ పథకం బంధువుల దగ్గర పెరిగే పిల్లలకు ఇలాగే తోడ్పడుతోంది. మీకు తెలిసిన వృద్ధురాలు ఎవరైనా మనవలను పెంచలేక సతమతమవుతుంటే ఈ దరఖాస్తు పెట్టించండి. ఒక బిడ్డ ఇల్లు మారకుండా ఆగిపోతుంది. అదీ బాలల పరిరక్షణే. నా దృష్టిలో దాని విలువ ఫోస్టర్ కేర్ కన్నా ఎక్కువ.

అది కుదరనప్పుడు మీ ఇల్లు. ఇప్పుడు మీ అర్హత సంగతి చూద్దాం. 2016 నాటి మార్గదర్శకాలను కేంద్రం 2024లో సవరించింది. వాటి ప్రకారం ఫోస్టర్ కేర్ ముఖ్యంగా ఆరేళ్ళు నిండిన పిల్లలకు. దంపతులైతే ఇద్దరి వయసు కలిపి కనీసం 70 ఉండాలి. బిడ్డ 6 నుంచి 12 ఏళ్ళ లోపు అయితే ఆ మొత్తం 110 దాటకూడదు, 12 నుంచి 18 మధ్య అయితే 115. మీ ఇద్దరిదీ కలిపితే 95, కాబట్టి ఇబ్బంది లేదు. కనీసం రెండేళ్ళ స్థిరమైన వైవాహిక జీవితం ఉండాలి. 2024 తర్వాత ఒంటరిగా ఉన్నవారు కూడా, అంటే పెళ్ళి కానివారు, భర్తనో భార్యనో కోల్పోయినవారు, విడాకులు తీసుకున్నవారు 35 ఏళ్ళు నిండితే దరఖాస్తు చేయవచ్చు. ఒంటరి మహిళకు అబ్బాయినైనా అమ్మాయినైనా ఇస్తారు. ఒంటరి పురుషుడికి అమ్మాయిని ఇవ్వరు. ఈ మార్పు నాకు చాలా సంతోషం కలిగించింది. పెళ్ళి చేసుకోని ఎందరో టీచర్లు, నర్సులు మా దగ్గరికి వచ్చి నిరాశగా వెనుదిరిగేవారు.

దరఖాస్తు చేశాక సామాజిక కార్యకర్త మీ ఇంటికి వచ్చి గృహ పరిశీలన నివేదిక తయారు చేస్తారు. గదులు, మరుగుదొడ్డి, ఆదాయం చూస్తారు. కానీ అనుభవం ఉన్నవారు ఎక్కువగా వినేది మీ మాటలే. మీ పిల్లలు తప్పు చేసినప్పుడు ఏం చేసేవారు? ఇంట్లో ఎవరికైనా తాగే అలవాటు ఉందా? ఇంటికి తరచూ వచ్చే మగవాళ్ళు ఎవరు? బిడ్డ కులం, మతం వేరైతే మీ అత్తగారు ఏమంటారు? ఈ ప్రశ్నలకు నొచ్చుకోకండి. అలా అడగని ఉద్యోగి తన పని సరిగా చేయనట్టే. మీ పిల్లలిద్దరితో కూడా మాట్లాడతారు. వాళ్ళు సెలవుల్లో వచ్చినప్పుడు తమ గదిలో ఇంకొకరు ఉంటారన్న సంగతి ఇప్పుడే చెప్పి, మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాకే ముందుకు వెళ్ళండి.

డబ్బు గురించి అడగడానికి మీరు మొహమాటపడ్డారు. అక్కర్లేదు. ఫోస్టర్ కేర్‌కు కూడా నెలకు 4,000 రూపాయలు జిల్లా విభాగం ద్వారా వస్తాయి. అవి బిడ్డ ఖర్చుల కోసం. ఆ డబ్బుతో ఒక బిడ్డను పూర్తిగా పెంచడం ఈ రోజుల్లో కష్టం, కొన్నిసార్లు అది ఆలస్యంగా కూడా వస్తుంది. ఆ మొత్తం పెరగాలి, నెల నెలా పడాలి అని నేను ఎప్పుడూ వాదించాను. డబ్బు తీసుకుంటే పేరు పోతుందని కొందరు వద్దంటారు. తీసుకోండి. అది బిడ్డ హక్కు.

ఇక బిడ్డ ఇంటికి వచ్చే రోజు. ఆ పిల్ల తెచ్చుకున్న సంచిలో మాసిన గౌను ఉంటుంది. వెంటనే ఉతికేయాలనిపిస్తుంది. కొన్నాళ్ళు ఆగండి. ఆ గుడ్డలో వాళ్ళ అమ్మ వాసన, వాళ్ళ ఇంటి వాసన ఉంటుంది. రాత్రి దాన్ని పట్టుకుని పడుకునే పిల్లలు ఉన్నారు. కొత్త బట్టలు కొనండి గానీ పాతవి ఎప్పుడు వదలాలో తనని నిర్ణయించుకోనివ్వండి. మొదటి రోజే చుట్టాలందరినీ పిలవకండి. మరుగుదొడ్డి ఎక్కడ, రాత్రి భయం వేస్తే ఎవరిని లేపాలి, ఆకలి వేస్తే ఏ డబ్బాలోంచి తీసుకోవచ్చు అన్న మూడు సంగతులు మాత్రం చూపించండి. అమ్మా నాన్నా అని పిలవమని అడగకండి. పిన్నీ, బాబాయ్, ఆంటీ, ఏదైనా సరే, తనకు నోరు తిరిగినదే మంచిది.

మొదటి రెండు మూడు వారాలు చాలా బుద్ధిగా ఉంటారు. మీరు పొంగిపోతారు. ఆ తర్వాతే అసలు బిడ్డ బయటపడుతుంది. పక్క తడుపుతుంది. దిండు కింద బిస్కెట్లు దాస్తుంది. చిన్న విషయానికి అబద్ధం చెబుతుంది. మీవారు గొంతు పెంచి ఫోన్లో మాట్లాడితే మంచం కిందకు దూరుతుంది. దీన్ని చూసి చాలా కుటుంబాలు 'మేం ఇంత చేస్తున్నా ఇలా ఎందుకు' అని కుంగిపోతాయి. నిజానికి ఇది మీ మీద కాస్త నమ్మకం కుదిరిందన్న గుర్తు. మంచివాళ్ళు ఎంతవరకు మంచివాళ్ళో బిడ్డ పరీక్షిస్తోంది. దాచిన తిండిని దొంగతనం అనకండి. తన చేతికి అందేలా ఒక డబ్బా పెట్టి, అందులో ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేలా చూడండి. కొన్ని నెలలకు దాచడం దానంతటదే తగ్గుతుంది. చేయి చేసుకోవడం మాత్రం ఒక్కసారి కూడా వద్దు. చట్టం ఒప్పుకోదు, అది అలా ఉంచితే, దెబ్బలు తిని వచ్చిన బిడ్డకు మీరు వేసే చిన్న దెబ్బ కూడా పాత ఇంటిని మళ్ళీ తెచ్చిపెడుతుంది.

ఇంకో సంగతి. బిడ్డ ఫోటోను వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి. పుట్టినరోజు ఫోటో అయినా సరే, ఫోస్టర్ బిడ్డ అని తెలిసేలా పేరు, బడి, ఊరు బయట పెట్టకూడదు. 74వ సెక్షన్ ప్రకారం సంరక్షణలో ఉన్న పిల్లల గుర్తింపును ప్రచురణల్లో, ప్రసారాల్లో వెల్లడించడం నేరం. ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. 'పాపం, వాళ్ళమ్మకు ఇలా అయిందట' అని పక్కింట్లో చెప్పే కథ కూడా ఆపేయండి. అది ఆ పిల్ల కథ. ఎవరికి చెప్పాలో పెద్దయ్యాక తనే తేల్చుకుంటుంది.

ఫోస్టర్ కుటుంబాలకు అన్నిటికన్నా కష్టమైనది కన్నవాళ్ళు చూడటానికి రావడం. తల్లిదండ్రులు పెంచలేని స్థితిలో ఉన్నందువల్ల వచ్చిన బిడ్డ అయితే, సమితి వద్దని కారణాలు రాసి ఉత్తర్వు ఇస్తే తప్ప, వాళ్ళు క్రమం తప్పకుండా వచ్చి చూసే వీలు చట్టమే ఇచ్చింది. వచ్చిన ప్రతిసారీ రెండు రోజులు ఇంట్లో గందరగోళమే. బిడ్డ ఏడుస్తుంది, తిండి మానేస్తుంది, మీ మీద అరుస్తుంది. అప్పుడు 'రాకపోతేనే మంచిది' అనిపిస్తుంది. ఆ ఆలోచనను పక్కన పెట్టండి. బిడ్డకు అమ్మ మీద బెంగ ఉంది, మీ మీద ప్రేమ పుడుతోంది, ఈ రెండూ ఒకేసారి ఉండవచ్చని తనకు ఎవరూ చెప్పలేదు. అమ్మను ప్రేమిస్తే మీకు ద్రోహం, మిమ్మల్ని ప్రేమిస్తే అమ్మకు ద్రోహం అని చిన్న మనసు నలిగిపోతుంది. దాన్ని తేలిక చేయగలిగేది మీరొక్కరే.

ఒక ఇల్లాలు ఏం చేసేదో చెబుతాను. ఆమె రోజూ పాపకు రెండు జడలు వేసి బడికి పంపేది. తల్లి వచ్చే ఆదివారం మాత్రం పొద్దున్న జుట్టు ముట్టుకునేది కాదు. వరండాలో దువ్వెన, నూనె, రిబ్బన్లు ఒక పళ్ళెంలో పెట్టి ఉంచేది. తల్లి వచ్చి కూర్చుని, మొదట ఏం మాట్లాడాలో తెలియక అటూ ఇటూ చూసి, ఆ పళ్ళెం చూసి బిడ్డను దగ్గరికి లాక్కునేది. జడ వేసేంతసేపు వాళ్ళిద్దరూ మాట్లాడుకునేవారు. ఆ తల్లికి చికిత్స జరుగుతోంది, చేతులు కాస్త వణికేవి, జడ వదులుగా వచ్చేది. సాయంత్రం దాకా ఆ జడను ఎవరూ సరిచేయలేదు. తనిఖీ నివేదికలో రాయడానికి సరైన గడి లేదు గానీ, ఫోస్టర్ కేర్ అంటే ఏమిటని ఎవరడిగినా నేను ఇదే చెబుతాను.

సమితి ప్రతి నెలా ఫోస్టర్ ఇంటిని తనిఖీ చేయాలని చట్టం అంటోంది. ఉద్యోగులు తక్కువ, జిల్లాలు పెద్దవి. కొన్ని నెలలు ఎవరూ రాకపోవచ్చు. మీరే ఫోన్ చేసి రమ్మనండి. అదుపు తప్పుతోందనిపిస్తే మొదటి వారంలోనే చెప్పండి, ఆరు నెలలు లోపల దాచుకుని ఒక రోజు 'ఇక మా వల్ల కాదు' అని తెచ్చి అప్పగించకండి. చెప్పకుండా వదిలేయడం వల్ల బిడ్డకు తగిలే దెబ్బ ముందు ఏ పరువూ లెక్కలోకి రాదు. కౌన్సెలర్ సాయం అడగడం మీ హక్కు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఉంటే వీలైనంతవరకు ఒకే ఇంట్లో ఉంచాలన్నది కూడా చట్టంలో ఉన్న మాట. మీ పాపకు తమ్ముడు ఉన్నాడేమో ముందే అడిగి తెలుసుకోండి.

మీరు అడగకపోయినా చెప్పవలసినది ఒకటుంది. పిల్లలు లేని కొందరు దంపతులు దత్తత వరుసలో ఏళ్ళ తరబడి ఆగలేక ఫోస్టర్ కేర్‌ను దగ్గరి దారి అనుకుని వస్తారు. వాళ్ళ బాధ నాకు తెలుసు. అయినా ఆ ఉద్దేశంతో రాకూడదు. దత్తతకు అర్హుడని సమితి భావించిన బిడ్డను దీర్ఘకాల ఫోస్టర్ కేర్‌కు ఇవ్వకూడదని 44వ సెక్షన్‌లోనే ఉంది. బిడ్డ చాలాకాలం మీ దగ్గరే ఉండి, తర్వాత చట్టరీత్యా దత్తతకు వీలైతే, రెండేళ్ళ ఫోస్టర్ సంరక్షణ తర్వాత ఆ కుటుంబమే దత్తత తీసుకునే అవకాశం ఉంది. 2024 సవరణకు ముందు అయిదేళ్ళు ఆగవలసి వచ్చేది. అది బిడ్డ పరిస్థితిని బట్టి తెరుచుకునే దారి. తల్లి కోలుకోకూడదని మనసులో ఎక్కడో కోరుకుంటూ ఆ తల్లి బిడ్డను పెంచలేం. ఇక ఆస్పత్రుల్లో, మధ్యవర్తుల ద్వారా 'బిడ్డను ఇస్తాం, కాగితాలు అక్కర్లేదు' అని ఎవరైనా అంటే అక్కడి నుంచి వెంటనే లేచి వచ్చేయండి. పద్ధతి పాటించకుండా బిడ్డను ఇచ్చినా తీసుకున్నా 80వ సెక్షన్ కింద మూడేళ్ళ వరకు శిక్ష ఉంది. డబ్బు చేతులు మారితే 81వ సెక్షన్ కింద అయిదేళ్ళ వరకు కఠిన కారాగారం.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న. తీసుకువెళ్ళిపోతే తట్టుకోగలమా? బాధ ఉంటుంది. చాలా ఉంటుంది. బాధ ఉండదని చెప్పేవారికి బిడ్డను ఇవ్వడానికి నేను వెనకాడతాను. ఏ బంధమూ పెట్టుకోకుండా జాగ్రత్తగా పెంచుదాం అనుకునే ఇల్లు బిడ్డకు ఇంకో బాలసదనమే అవుతుంది. ముడిపడండి. పూర్తిగా ముడిపడండి. ఒకసారి ఒకరితో గట్టిగా ముడిపడిన బిడ్డకు ఇంకొకరితో ముడిపడటం చేతనవుతుంది. మీ ఇంట్లో నేర్చుకున్నది తల్లి దగ్గరికి తీసుకువెళుతుంది. అయితే ఒక్క రోజులో తెంచేలా పంపకూడదు. ముందు ఒక పగలు, తర్వాత ఒక రాత్రి, తర్వాత శని ఆదివారాలు అలా తల్లి దగ్గరికి పంపుతూ, చివరికి పూర్తిగా పంపేలా సమితిని అడగండి. మీరు అదే మండలంలో ఉంటారు కాబట్టి, ఆ తల్లి ఒప్పుకుంటే, పండక్కో పుట్టినరోజుకో పాప మీ ఇంటికి వస్తుంది. తల్లికి మళ్ళీ ఆరోగ్యం బాగోలేకపోతే ఎవరిని తలుపు తట్టాలో ఆ ఇద్దరికీ తెలిసి ఉంటుంది. దగ్గరి కుటుంబం కావాలని నేను అంతగా పట్టుబట్టడానికి ఇదీ ఒక కారణం. అలా పంపిన కుటుంబాల్లో కొందరు ఏడాది ఆగి మళ్ళీ ఇంకో బిడ్డకు తలుపు తీశారు. కొందరు ఒక్కసారితో ఆపేశారు. రెండూ గౌరవించదగిన నిర్ణయాలే.

మరీ భయంగా ఉంటే చిన్నగా మొదలుపెట్టే మార్గం ఉందేమో మీ జిల్లాలో అడగండి. కేరళలో సంస్థల్లో ఉన్న పిల్లలను వేసవి సెలవులకు కుటుంబాల్లోకి పంపే పద్ధతి ఉంది. అలాంటిది మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఊరూరా ఉండాలని నా కోరిక. అలాగే పెంచుతున్న కుటుంబానికి జ్వరం వచ్చినా, పెళ్ళికి వెళ్ళాలన్నా రెండు రోజులు బిడ్డను చూసుకునే ఇంకో ఆమోదిత కుటుంబం పక్కనే ఉండాలి. ఒక్క మండలంలో నాలుగైదు ఇళ్ళు ఇలా కలిసి ఉంటే ఎవరూ అలిసిపోరు. మీ స్నేహితుల్లో ఎవరికైనా ఆసక్తి ఉంటే కలిసి దరఖాస్తు చేయండి.

మీ జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి వెళ్ళి సంస్థేతర సంరక్షణ, అంటే పిల్లలను సంస్థల్లో కాకుండా కుటుంబాల్లో ఉంచే ఏర్పాట్లు చూసే ప్రొటెక్షన్ ఆఫీసరును కలవండి. దరఖాస్తు కేంద్ర దత్తత సంస్థ 'కారా' పోర్టల్‌లో పెట్టడానికి వాళ్ళే సాయం చేస్తారు. గుర్తింపు, చిరునామా, ఆదాయం, పెళ్ళి, ఆరోగ్యం తెలిపే పత్రాలు వెంట తీసుకువెళ్ళండి. ఆ పాపనే ఇవ్వమని అడగకండి, ఏ బిడ్డ ఏ ఇంటికి అన్నది సమితి నిర్ణయం. అయితే ఫలానా మండలంలో ఉంటామని, ఆ చుట్టుపక్కల బడుల పిల్లలకు మా ఇల్లు దగ్గరని రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ ఒక్క వాక్యం ఫైల్లో ఉంటే సమితికి ఎంతో ఉపయోగం. గృహ పరిశీలనకు మీ పిల్లలిద్దరూ సెలవులకు ఇంటికి వచ్చే తేదీలు చెప్పి, ఆ రోజుల్లోనే రమ్మని అడగండి.